అచ్చుచిత్రం, సంతకం, స్వస్థలం: వార్హోల్ - కృష్ణారెడ్డి తులనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

కడప, కర్నూలు ప్రాంతాల కథాసాహిత్య విమర్శలో కరువు ప్రధాన కొలమానంగా స్థిరపడింది. రాయలసీమలో పుట్టిన చిత్రకారుడికి కూడా ఈ కొలమానం వర్తిస్తుందా? చిత్తూరు సమీపంలోని నందనూరులో జన్మించిన ఎన్. కృష్ణారెడ్డి (1925-2018) అచ్చుచిత్రాలు ఈ ప్రశ్నను ముందుకు తెస్తాయి. కళాకారుడి నేపథ్యాన్ని వస్తువులో కంటే పనివిధానంలో వెదకాలని, ఆండీ వార్హోల్ (1928-1987) పాప్ ఆర్ట్ ముఖచిత్రంతో పోల్చి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వార్హోల్: ప్రకటన నేర్పిన పునరుక్తి

పిట్స్‌బర్గ్‌లో వలస వచ్చిన శ్రామిక కుటుంబంలో పుట్టిన వార్హోల్, న్యూయార్క్‌లో వాణిజ్య ప్రకటనల చిత్రకారుడిగా స్థిరపడ్డాడు. 1962లో మార్లిన్ మన్రో మరణించిన తర్వాత, 'నయాగరా' సినిమా ప్రచార ఛాయాచిత్రం ఆధారంగా ఆమె ముఖాన్ని స్క్రీన్ ప్రింట్ పద్ధతిలో చిత్రించాడు. 1967లో అదే ముఖాన్ని పది వర్ణభేదాలతో, 250 ప్రతుల సంపుటిగా వెలువరించాడు. ఇందులో రంగులు ఒకదాని తర్వాత ఒకటిగా, విడివిడి తెరల గుండా కాగితంపై పడతాయి. ముఖం సరుకుపై అంటించిన చీటీలా కనిపిస్తుంది. చిత్రకారుడి చేయి వెనక్కి తగ్గినచోట, ప్రతి వెనుకనున్న పెన్సిల్ సంతకమే కర్తృత్వానికి సాక్ష్యమవుతుంది.

3. కృష్ణారెడ్డి: శిల్పి చేతి ముద్రణ

శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యుడైన కృష్ణారెడ్డి, లండన్‌లో హెన్రీ మూర్ వద్ద శిల్పం అభ్యసించాడు. పారిస్‌లో హేటర్ స్థాపించిన అతెలియే 17లో, కైకో మోతీ తదితరులతో కలిసి విస్కాసిటీ ముద్రణను అభివృద్ధి చేశాడు. ఈ పద్ధతిలో లోహఫలకాన్ని వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. గట్టి రోలరు పైమట్టాన్నే తాకుతుంది; మెత్తని రోలరు లోతుకు దిగుతుంది. నూనె ఎక్కువున్న పలుచని సిరాపై చిక్కని సిరా అంటుకోదు. అందువల్ల అన్ని రంగులూ ఒకే ఫలకం నుంచి, ఒకే ఒత్తిడితో కాగితానికెక్కుతాయి. 1980ల నాటి 'గ్రేట్ క్లౌన్' ఒకే ఫలకం నుంచి అనేక వర్ణరూపాలు పొందింది. అందులోని విదూషకుడు పేరున్న తార కాడు; అతని రూపం చుట్టూ వ్యాపించే గీతల్లో కలిసిపోతుంది.

4. ఒక ఆక్షేపణ

కృష్ణారెడ్డి సైతం పరిమిత ప్రతులకు సంతకం చేశాడు. వార్హోల్ తెరలోనూ రంగు పక్కకు జరిగి, ప్రతికీ ప్రతికీ తేడా వచ్చింది. కాబట్టి ఒకటి యంత్రం, మరొకటి హస్తం అని విభజించడం తొందరపాటే. తేడా సిరా పూయడంలో ఉంది. కృష్ణారెడ్డి విధానంలో ప్రతి ముద్రకూ ఫలకంపై సిరాలను మళ్లీ పేర్చాలి. ఆ శ్రమ ప్రతిసారీ కొత్త నిర్ణయం.

5. ముగింపు

'గ్రేట్ క్లౌన్'లో ఎండిన చెరువును వెదికే విమర్శకు ఏమీ దొరకదు. అంతమాత్రాన ఆయన సీమకు పరాయివాడు కాడు. జన్మస్థలం ఒక ఆరంభం మాత్రమే. శాంతినికేతన్, లండన్, పారిస్ కూడా ఆయన నేపథ్యమే. ప్రాంతీయ విమర్శ ఊరిపేరును అర్థంగా పొరబడకుండా, చేతిపనిని చదవడం నేర్చుకుంటేనే ఇటువంటి కళాకారులు దాని పరిధిలోకి వస్తారు.