వైద్యచరిత్రలో రోగి స్థానము: అమీరుపేట, పంజగుట్ట ప్రాంతముల నాధారముగా ఒక విమర్శ

వైద్యచరిత్ర యనగా వైద్యుల చరిత్రయా, వైద్యగ్రంథముల చరిత్రయా, ఆస్పత్రుల చరిత్రయా, లేక రోగముతో మనుష్యుడు సలిపిన సహవాసపు చరిత్రయా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనకయే వ్రాయబడిన వైద్యచరిత్రలు పెక్కు కలవు. వానియందలి విషయముల సత్యమును మేము శంకింపము. వాని దృష్టి యెచట నిలిచినదో, ఎచట నిలువలేదో పరిశీలించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము. ఇందులకై హైదరాబాదు నగరమందలి అమీరుపేట, పంజగుట్టలను, వాని సమీపముననున్న బేగంపేట, బల్కంపేటలను గైకొంటిమి. కాలినడకన ఒక్క పూటలో చుట్టి రాదగిన ఈ మేరలో రోగులు మ్రొక్కుకొను దేవాలయము, ప్రకృతి చికిత్సాలయము, మలేరియా పరిశోధనకు స్మారకమైన భవనము, విశ్వవిద్యాలయ ప్రతిపత్తి గల పెద్ద ఆస్పత్రి నాలుగును కలవు. వీనిని ఒకే కొలబద్దతో కొలిచిన చరిత్ర వీనిలో దేనికిని న్యాయము చేయజాలదు.

మొదట శాస్త్రము యొక్క స్థితిని గూర్చి రెండు మాటలు. వైద్యచరిత్ర ప్రత్యేక పరిశోధనాశాఖగా మన దేశమున వేరూనుటలో హైదరాబాదునకు ముఖ్యస్థానము కలదు. 1944లో భోరు సంఘము ఆహ్వానముపై మన దేశమునకు వచ్చిన హెన్రీ సిగరిస్టు, భారతీయ వైద్యచరిత్ర పరిశోధనకు ఒక సంస్థ యావశ్యకమని సూచించెను. ఆ సంఘపు నివేదిక 1946లో వెలువడెను. 1956లో ఉస్మానియా వైద్యకళాశాలలో వైద్యచరిత్ర శాఖ యేర్పడెను. దానికి మూలపురుషుడు డాక్టరు డి. వి. సుబ్బారెడ్డి. ఆ శాఖయే పలు నామాంతరములు పొంది నేడు జాతీయ భారతీయ వైద్య వారసత్వ సంస్థగా ఈ నగరముననే కొనసాగుచున్నది. తాళపత్రములను, శాసనములను, పాత ముద్రణములను వెదకి వైద్యచరిత్రకు ఆధారసామగ్రిని కూర్చిన ఆ తరమునకు మనము ఋణపడియున్నాము. ఐనను ఆ తరమువారిలో అధికులు స్వయముగా వైద్యులు. తమ వృత్తికి వంశవృక్షమును నిర్మించుట వారికి సహజమైన యభిలాష. కావున గ్రంథకర్త, ఆచార్యుడు, దాత, సంస్థాపకుడు వారి రచనలలో ముందు నిలిచిరి. మంచముపై పండుకొన్నవాడు వెనుకబడెను.

ఇది ఆ తరము దోషమే యనుట సరికాదు. ఆధారముల స్వభావమే అట్టిది. కాకతి రుద్రమదేవి కాలమున, 1261లో వెలసిన మల్కాపుర శాసనమును చూడుడు. గోళకీ మఠమునకు చెందిన విశ్వేశ్వర శివాచార్యుని ధర్మములలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల పేర్కొనబడినవి. తెలుగు దేశపు వైద్యచరిత్ర వ్రాయువారెల్లరు సగర్వముగా ఉదాహరించు శాసనమిది. కాని శాసనము దానమును నిలుపుటకు పుట్టినది. చికిత్సను వర్ణించుటకు పుట్టినది కాదు. ప్రసూతిశాల యుండెనని అది చెప్పును. అచట పురుడు పోసుకొన్న స్త్రీ మాట చెప్పదు. దానశాసనమును ఆస్పత్రి వర్ణనముగా చదువుట మన పరిశోధనలలో తరచుగా కనబడు పొరపాటు.

ఇట్టి పొరపాటు ఆధునిక కాలమునకును వర్తించును. అమీరుపేటకు పొరుగుననున్న బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని గుర్తించెను. 1902లో అతనికి నోబెల్ బహుమతి లభించెను. ఆ దోమ యెవరి రక్తము త్రాగినది? హుసేన్ ఖాన్ అను రోగిది. దోమకొక అణా చొప్పున అతనికి ముట్టెను. ఈ పేరు మనకు దక్కుటకు కారణము రాస్ దానిని వ్రాసియుంచుటయే. హుసేన్ ఖాన్ తన యనుభవమును తాను వ్రాసికొన్నవాడు కాడు. శాస్త్రచరిత్రలో ఈ ఘట్టము ఒక సమస్యకు పరిష్కారము. వైద్యచరిత్రలో అది మరికొన్ని ప్రశ్నలకు ఆరంభము కావలెను. జ్వరపీడితుడొకడు అణాలకు దోమకాటును ఏల యంగీకరించెను? అట్టి యంగీకారమును అంగీకారమనవచ్చునా? వేతనము, సైనికాధికారి పదవి, రోగి నిస్సహాయత, ఈ మూడును ఆ గదిలో సూక్ష్మదర్శినితోపాటు ఉండినవి. వీనిని వదలిన కథ విజయగాథ యగునుగాని చరిత్ర కాదు.

ఇక రెండవ దోషము: నేటి రోగనామములను నిన్నటి రోగములకు అంటగట్టుట. జంటనగరములలో బోనాల పండుగ పుట్టుకను గూర్చి ప్రచారములోనున్న కథ యిది: 1813లో నగరమున మహమ్మారి చెలరేగెను; ఉజ్జయినిలోనున్న ఇచటి సైనికులు మహాకాళికి మ్రొక్కుకొని, 1815లో తిరిగివచ్చి సికింద్రాబాదున అమ్మవారిని ప్రతిష్ఠించిరి. ఈ మహమ్మారిని కొందరు ప్లేగనియు, మరికొందరు కలరా యనియు వ్రాయుచున్నారు. కలరా ప్రపంచవ్యాప్తమైన మొదటి విజృంభణము 1817లో బెంగాలున ఆరంభమైనట్లు ప్రసిద్ధము. కావున 1813 నాటి వ్యాధిని నిస్సంకోచముగా కలరా యనుటకు కాలము అడ్డువచ్చును. ప్లేగనుటకును కథ యొక్కటియే చాలదు. తెలంగాణమున గత్తర యను మాట వాంతిభేదికి వాడుకలోనున్నను, ఊరిని ఊడ్చివేయు ఏ ఉపద్రవమునకైనను ఆ మాట చెల్లును. కథ చెప్పినవారికి రోగలక్షణము ముఖ్యము కాదు. ఊరు నిలిచినదా, లేదా యన్నది ముఖ్యము. ఆ కథ 1813 నాటి వ్యాధికి దుర్బలమైన సాక్ష్యము. కాని ఉపద్రవమును జనులెట్లు జ్ఞాపకముంచుకొందురో తెలుపుటకు ప్రబలమైన సాక్ష్యము. ఒకే ఆధారము ఒక ప్రశ్నకు నిరుపయోగమై మరియొక ప్రశ్నకు అమూల్యము కావచ్చునను విషయము పరిశోధక విద్యార్థులు మరువరానిది.

బల్కంపేట ఎల్లమ్మ దేవాలయమున ఈ విషయము ఇంకను స్పష్టమగును. అచట అమ్మవారు భూమట్టమునకు దిగువన శయనించియుండును. అచటి జలము చర్మవ్యాధులను పోగొట్టునని భక్తుల విశ్వాసము. చరిత్రకారుడు ఈ విశ్వాసమును సమర్థింపవలసిన పనిలేదు. ఎగతాళి చేయవలసిన పనియు లేదు. జనులు ఏ వ్యాధికి ఇచటికి వచ్చిరి, ఏ వ్యాధికి రాలేదు, ఇచటికి వచ్చుటకు ముందు ఎచటికి పోయిరి, తరువాత ఎచటికి పోయిరి, ఇవి అతని ప్రశ్నలు. మశూచి మనుష్యులకు సోకినప్పుడు మన పల్లెలలో అమ్మవారు పోసినదనిరి. ఆ వాక్యములో కర్త రోగి కాడు, రోగమును కాదు; దేవత. రోగి ఇంట వెలసిన అతిథికి మర్యాద జరుపవలెనను ఆచారమంతయు ఆ క్రియాపదములో నిమిడియున్నది. 1980లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మశూచి నిర్మూలనమైనదని ప్రకటించెను. వ్యాధి పోయినది, మాట పోలేదు. నేడు ఆటలమ్మ పోసినపుడును ఇంటివారు ఆ వాక్యమునే పలుకుచున్నారు. కావున మాటకును వ్యాధికిని ఒకటికొకటి సరిపోవు సమీకరణము లేదు. నిఘంటువు చేతబట్టి పాత రోగములను గుర్తింపబూనువారికి ఇది హెచ్చరిక.

అమీరుపేటలోని ప్రకృతి చికిత్సాలయము మరియొక పాఠము చెప్పును. 1949లో డాక్టరు బి. వెంకటరావు దీనిని స్థాపించెను. మన్ను, నీరు, ఉపవాసము, ఎండ అను సాధనములను చూచి ఇది ప్రాచీన పద్ధతి యని పలువురు తలంతురు. నిజమునకు ఈ చికిత్స నేటి రూపమున మనకు చాలవరకు పందొమ్మిదవ శతాబ్దపు జర్మనీ నుండి వచ్చినది. లూయీ కూనే గ్రంథమును ద్రోణంరాజు వేంకటాచలపతిశర్మ 1894లో తెలుగు చేసెను. అటుపిమ్మట గాంధీజీ ఆదరము దానికి జాతీయోద్యమపు వర్ణమును చేకూర్చెను. జర్మను నీటిచికిత్స తెలుగు గద్యములోనికి వచ్చినప్పుడు పథ్యము, దోషము, మలము వంటి ఆయుర్వేద పదముల నాశ్రయింపక తప్పదు. ఆ పదములతోపాటు వాని భావములును వెంటవచ్చును. అనువాదమున వైద్యము మారును. తెలుగు శాఖలలోని పరిశోధకులకు ఇంతకంటె తగిన విషయమేది? వైద్యులు ఇట్టి పని చేయలేదని నిందించుటకు మనకు అధికారము లేదు. అది మన పని.

పంజగుట్టలోని నిమ్స్ చరిత్రను వ్రాయువాడు సులభముగా తేదీల పట్టికను కూర్పగలడు. నిజాము ధర్మనిధి ఆశ్రయమున 1964లో ఎముకల, కీళ్ల చికిత్సకై ఆరంభమైన ఆస్పత్రి, 1989లో శాసనసభ చట్టముచే విశ్వవిద్యాలయ ప్రతిపత్తి గల వైద్యవిజ్ఞాన సంస్థ యయ్యెను. ఈ తేదీలు అవసరమే. కాని 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము వంటివి పల్లెల రోగులకు నగరపు ఆస్పత్రుల ద్వారములు తెరచిన పిదప, ఎవరు ఏ జిల్లా నుండి వచ్చిరి, తోడు వచ్చినవారు ఎచట తలదాచుకొనిరి, ఎవరి పొలము, ఎవరి పశువు అమ్ముడుపోయెను అను ప్రశ్నలకు ఆ తేదీలు బదులు చెప్పవు. సంస్థ చరిత్ర ప్రహరీగోడతో ముగియును. రోగి చరిత్ర గోడకు వెలుపలనే మొదలగును.

అచట భాష మరల ముందుకు వచ్చును. వరంగల్లు నుండియో, మెదకు నుండియో వచ్చిన ముసలమ్మ తాను దవాఖానకు వచ్చితి ననును. కోస్తావాడు ఆస్పత్రి యనును. విద్యావంతుడు పత్రికలో వైద్యశాల యని వ్రాయును. మొదటిది అరబ్బీ, పారసీకముల కలయిక; రెండవది ఐరోపా భాషల నుండి వచ్చినది; మూడవది సంస్కృతము. ఒక్క భవనముపై మూడు చరిత్రలు నిలిచియున్నవి. ఆ ముసలమ్మ పాణం బాగలేదని చెప్పుకొన్నది. వైద్యుడు దానిని విని, ప్రశ్నించి, ఇంగ్లీషున ఒక రోగనామముగా కాగితముపై నుంచును. చికిత్సకు ఆ మార్పు అవసరమే. కాని యాబది యేండ్లకు ఆ కాగితము చరిత్రకారుని చేతికి వచ్చునప్పుడు, అందు ముసలమ్మ మాట ఉండదు. అనువాదము మాత్రమే మిగిలి మూలము నశించిన గ్రంథమువంటిది మన వైద్యపత్రము. పాఠపరిష్కరణ మెరిగినవారికి ఈ యుపమానము వివరింప నక్కరలేదు.

1985లో రాయ్ పోర్టర్ అను ఇంగ్లీషు చరిత్రకారుడు వైద్యచరిత్రను క్రిందినుండి, రోగివైపునుండి వ్రాయవలెనని వాదించెను. ఆ వాదమును మేము అంగీకరింతుము. కాని ఒక సవరణతో. అతడు పరిశీలించిన ఇంగ్లండులో రోగులు దినచర్యలు, ఉత్తరములు వ్రాసికొన్నవారు. మన రోగులలో పలువురు వ్రాత యెరుగనివారు. వారి సాక్ష్యము మ్రొక్కుబడిలో, జానపద గేయములో, సామెతలో, తిట్టులో, ఇంటి పథ్యములో దాగియున్నది. దానిని వెలికితీయు పద్ధతి అచటినుండి అరువు తెచ్చుకొనుటకు వీలుకాదు. మరియు రోగి పలికినదెల్ల సత్యమని గ్రహించుటయు విమర్శ కాదు. జ్ఞాపకము కూర్చును, తీసివేయును, బాగుపడినవాని కథ చచ్చినవాని కథకంటె ఎక్కువకాలము బ్రదుకును. ఎల్లమ్మ నీటిచే నయమైనవాడు ఏటేట వచ్చి చెప్పును. నయముకానివాడు మరల రాడు. ఆస్పత్రి లెక్కలకును ఇదే సూత్రము వర్తించును. కావున వైద్యుని తొలగించి రోగిని ఆ పీఠముపై కూర్చుండబెట్టుట మా యభిమతము కాదు. ఇద్దరి సాక్ష్యములను ఎదురెదురుగా నిలిపి, వానికి పొత్తు కుదరని చోటనే పరిశోధన ప్రారంభింపవలెనని మేము చెప్పుచున్నాము.

తెలుగు శాఖలు తక్షణమే చేపట్టదగిన పని యొకటి కలదు. రోగములకు, నొప్పులకు, పథ్యములకు మన జిల్లాలలోనున్న మాటలను, చెప్పినవారి ఊరు, వయస్సు, చెప్పిన సందర్భముతో సహా సేకరింపవలెను. వేడి చేయుట, గాలి సోకుట, దిష్టి తగులుట వంటి పలుకుబళ్లను మూఢనమ్మకముల పట్టికలో చేర్చి వదలక, ఏ దేహభావనకు అవి గుర్తులో విచారింపవలెను. బసవరాజీయము వంటి వైద్యగ్రంథములలోని తెలుగు మాటలతో వానిని పోల్చిచూడవలెను. ఈ మాటలు పలుకు వృద్ధులు నేడు పంజగుట్ట ఆస్పత్రి వరండాలోనే కూర్చుండియున్నారు. వారి బిడ్డలు ఇంగ్లీషు రోగనామములను నేర్చుకొనుచున్నారు. అది వారికి మేలే. కాని ఒక తరము గడచిన పిమ్మట, రోగి ఏమనుకొనెనని అడుగు చరిత్రకారునికి బదులు చెప్పగల మాట మిగులదు. మల్కాపుర శాసనము ప్రసూతిశాలను నిలిపి బాలింతను విడిచినదని మనము నేడు విచారించుచున్నాము. ఆ విచారమే మన తరువాతివారు మనలను గూర్చి పడకుండునట్లు చూచుట మన చేతిలోనున్నది.