రాజీ, రాజీనామా: ట్యునీషియాలో అన్‌నహ్దా ఓటమి పాఠం

ఎన్నికలలో ఓడిన పక్షం గెలిచినవారితో రాజీ పడాలా, లేక పోరాటానికి దిగాలా అన్న చర్చలో గత పది సంవత్సరాలుగా తరచు ప్రస్తావనకు వస్తున్న ఉదాహరణ ట్యునీషియాలోని అన్‌నహ్దా పార్టీ. 2014 అక్టోబరు 26న జరిగిన పార్లమెంటు ఎన్నికలలో 217 స్థానాలకుగాను బాజీ ఖాయిద్ సబ్సీ నాయకత్వంలోని నిదా తూనిస్ పార్టీకి 86, అన్‌నహ్దాకు 69 వచ్చాయి. 2011లో 89 స్థానాలతో ప్రథమ స్థానంలో నిలిచిన పార్టీ రెండవ స్థానానికి దిగింది. పార్టీ అధినేత రాషిద్ గన్నూషీ అధికారిక ఫలితాలు వెలువడకముందే ప్రత్యర్థికి ఫోను చేసి అభినందనలు తెలిపారు. 2015 ఫిబ్రవరిలో ఆ ప్రత్యర్థి పక్షం ఏర్పాటు చేసిన మంత్రివర్గంలోనే అన్‌నహ్దా చేరింది. ఇది గొప్ప రాజకీయ వివేకమని కొందరు వ్రాశారు. ఇది లొంగుబాటని మరి కొందరు వ్రాశారు. ఈ రెండు వర్గాల వ్రాతలనూ చదివిన మీదట నాకు కలిగిన అసంతృప్తిని పాఠకుల ముందుంచటమే ఈ వ్యాసం వుద్దేశ్యం.

అనువాదకుడిని కనుక ముందు మాటల సంగతి చెప్పనివ్వండి. తెలుగులో 'రాజీ పడ్డాడు' అంటే ఏదో పోగొట్టుకున్నాడనే ధ్వని వుంది. అరబీ మూలంలో ఆ ధ్వని లేదు. సహాబాల పేర్ల ప్రక్కన మనం గౌరవంతో చేర్చే 'రజియల్లాహు అన్హు'లోని ధాతువే ఇది. తృప్తి, మనఃపూర్వకమైన అంగీకారం దాని అర్థం. ఇదే మాటకు 'నామా' చేరితే మరింత చిత్రం జరిగింది. ఉర్దూలో రాజీనామా అంటే వాది ప్రతివాదులిద్దరూ చేవ్రాలు చేసిన ఒప్పంద పత్రం. తెలుగులోకి వచ్చేసరికి అది పదవి వదిలిపెట్టే కాగితమైపోయింది. ఒకే మాటకు ఒక భాషలో ఒడంబడిక, మరొక భాషలో వైదొలగటం! ఓడిన పార్టీ చేసిన పని ఈ రెండింటిలో ఏది అన్నదే అసలు ప్రశ్న. అది తేలాలంటే కాగితంలో ఏమి వ్రాసివున్నదో చదవాలి. రాజీని మెచ్చుకున్నవారు గాని, తూలనాడినవారు గాని ఆ కాగితం చదివే శ్రమ పెద్దగా తీసుకోలేదు.

మెచ్చుకునేవారు సాధారణంగా హుదైబియా ఒడంబడికను ముందుకు తెస్తారు. హిజ్రీ 6వ సంవత్సరంలో దైవప్రవక్త (స) ఖురైషులతో చేసుకున్న ఆ ఒప్పందాన్ని ఏ రాజీకైనా సమర్థనగా వాడుకోవటం ఒక అలవాటైపోయింది. ఓటమి తర్వాత ఓటర్ల తీర్పును శిరసావహించటానికీ, హుదైబియాకూ పోలిక ఎంతవరకు కుదురుతుందో ఆలోచించాలి. ఆ పోలికను ఒప్పుకున్నా, ఆ ఒప్పందంలోని షరతులను చూడవద్దా? ఒప్పంద పత్రంలో 'రసూలుల్లాహ్' అన్న బిరుదు చెరిపివేయటానికి దైవప్రవక్త (స) అంగీకరించారు. ఆ సంవత్సరం ఉమ్రా చేయకుండానే మరలి వెళ్ళటానికి అంగీకరించారు. సంకెళ్ళతో ఈడ్చుకుంటూ వచ్చిన అబూ జందల్ (రజి)ను తిరిగి అప్పగించటానికి కూడా అంగీకరించారు. హజ్రత్ ఉమర్ (రజి) వంటివారికే అది మింగుడు పడలేదు. ఇవన్నీ మన ఉపన్యాసకులు కన్నీళ్ళతో వర్ణిస్తారు. కాని అదే పత్రంలో వున్న మరొక షరతును దాటవేస్తారు. అరబ్బు తెగలు తమకు నచ్చిన పక్షంతో చేరవచ్చునన్నదే ఆ షరతు. దాని ప్రకారం ఖుజాఆ తెగ దైవప్రవక్త (స) పక్షాన చేరింది. రెండేళ్ళు తిరగకుండానే, ఖురైషుల అండతో బనూ బక్ర్ తెగవారు ఖుజాఆపై దాడి చేయగా ఒప్పందం భంగమయింది. మక్కా విజయానికి దారి తీసింది ఆ భంగమే. అనగా అక్కడ వదులుకున్నవి గౌరవ పదాలు, ఒక ఏడాది కాలం, మనసుకు ఎంతో కష్టం కలిగించిన ఒక షరతు. నిలుపుకున్నవి మదీనా స్వాతంత్ర్యం, మిత్రులను చేర్చుకునే హక్కు, ఎదుటివారు మాట తప్పితే చేయి చూపించి చెప్పగలిగిన లిఖిత పత్రం. ఏది వదిలారు, ఏది నిలుపుకున్నారు అన్న లెక్క తీయకుండా హుదైబియా పేరు ఎత్తటం చరిత్రకు న్యాయం కాదు.

ఆ లెక్క ట్యునీషియాకు వేసి చూద్దాం. నిజానికి అక్కడ జరిగినవి రెండు రాజీలు. వాటిని ఒకటిగా కలిపి వ్రాయటం వల్లనే ఇంత గందరగోళం వచ్చింది.

మొదటిది 2013లో మొదలై 2014 జనవరిలో ముగిసింది. అప్పుడు అన్‌నహ్దా ఓడిన పార్టీ కాదు, అధికారంలో వున్న పార్టీ. 2013 ఫిబ్రవరిలో షుక్రీ బిల్ఈద్, జూలైలో ముహమ్మద్ బ్రాహ్మీ హత్యకు గురయ్యారు. ఇద్దరూ ప్రతిపక్ష నాయకులే. రాజధాని వీధులు నిండిపోయాయి. అదే జూలైలో ఈజిప్టులో సైన్యం ముహమ్మద్ ముర్సీని తొలగించింది. ఆగస్టులో రాబిఆ కూడలిలో రక్తపాతం జరిగింది. గన్నూషీ, సబ్సీలు పారిస్‌లో కలుసుకున్నది ఆ నెలలోనే. తరువాత కార్మిక సమాఖ్య, పరిశ్రమల సమాఖ్య, మానవ హక్కుల సంఘం, న్యాయవాదుల సంఘం కలిసి మధ్యవర్తిత్వం వహించాయి. ఈ నాలుగింటికే 2015లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. అన్‌నహ్దా ప్రభుత్వం వైదొలగింది. బదులుగా రాజ్యాంగం ఆమోదం పొందింది. ఓటు వేసిన 216 మందిలో 200 మంది దానికి అనుకూలంగా వేశారు. ఇక్కడ రాజీనామా అన్న మాట ఉర్దూ అర్థంలోను, తెలుగు అర్థంలోను ఒకేసారి నిజమయింది. పదవి వదిలారు, పత్రం సంపాదించారు. దీనిని లొంగుబాటు అనేవారితో నేను ఏకీభవించలేను.

రెండవ రాజీ 2015లోనిది. అప్పటికి పార్టీ ఓడింది. అధ్యక్ష ఎన్నికలలో అభ్యర్థిని నిలబెట్టలేదు. ఎవరికీ మద్దతు ప్రకటించలేదు. సబ్సీ 55 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు. 2015 జనవరిలో ప్రధాని హబీబ్ సీద్ ప్రకటించిన తొలి జాబితాలో అన్‌నహ్దాకు చోటు లేదు. అది నెగ్గదని తేలి, ఫిబ్రవరిలో మరో జాబితా వచ్చింది. అందులో 69 మంది సభ్యులున్న పార్టీకి దక్కినది ఒకే ఒక మంత్రి పదవి, వుపాధి కల్పన శాఖ. దానితో పాటు కొన్ని సహాయ మంత్రి పదవులు. పాలక కూటమిలో నిదా తూనిస్ 86, అన్‌నహ్దా 69, మరి రెండు పార్టీలవి 16, 8 కలిపి 179 మంది సభ్యులయ్యారు.

ఇక ఎదురుగా మిగిలినదెవరు? వామపక్షాల కూటమి అయిన పాపులర్ ఫ్రంట్, పదిహేను మంది సభ్యులతో. 2014 రాజ్యాంగంలోని 60వ అధికరణం ప్రతిపక్షాన్ని పార్లమెంటులో ఒక మౌలిక భాగంగా గుర్తించింది. ఆర్థిక సంఘం అధ్యక్ష పదవి ప్రతిపక్షానిదేనని శాసించింది. తాము వోటు వేసి తెచ్చుకున్న ఆ హక్కును, తమకు ఓటమి ఎదురయిన మొదటిసారే అన్‌నహ్దా వాడుకోకుండా వదిలివేసింది. ఖజానా లెక్కలను ప్రశ్నించే కుర్చీని విడిచిపెట్టి వుపాధి కల్పన శాఖ కుర్చీ తీసుకున్నది! నిరుద్యోగమే విప్లవానికి నిప్పంటించిన దేశంలో, విధాన నిర్ణయం తన చేతిలో లేకుండా ఆ శాఖ బాధ్యత నెత్తిన వేసుకోవటంలోని వివేకం నాకు ఎంత ఆలోచించినా అంతుబట్టటం లేదు.

అయినా పదవుల సంఖ్యను బట్టి తీర్పు చెప్పటం సరికాదు. పదవి ఒకటే అయినా షరతు బలమైనదైతే ఆ రాజీని సమర్థించవచ్చు. ఆ షరతు సిద్ధంగానే వుండినది. పార్లమెంటు ఎన్నికలు జరిగిన ఒక సంవత్సరం లోపల రాజ్యాంగ న్యాయస్థానం ఏర్పడాలని ఆ రాజ్యాంగమే నిర్దేశించింది. పన్నెండు మంది న్యాయమూర్తులలో నలుగురిని పార్లమెంటు మూడింట రెండు వంతుల ఆధిక్యతతో, అనగా 145 ఓట్లతో ఎన్నుకోవాలి. కూటమికి 179 మంది వున్నారు. అయినప్పటికీ 2019 వరకు నడిచిన ఆ పార్లమెంటు కాలమంతటిలో ఎన్నికయినది ఒక్కరు మాత్రమే. ఒకరి అభ్యర్థిని మరొకరు అడ్డుకున్నారు. నిదా తూనిస్ చీలిపోయింది. పని వాయిదా పడుతూ పోయింది. అదే కూటమి 2017 సెప్టెంబరులో మాత్రం పాత పాలనలో అక్రమాలకు తోడ్పడిన అధికారులకు క్షమాభిక్ష ప్రసాదించే శాసనాన్ని ఆమోదించగలిగింది. అంటే బలం లేక కాదు. గెలిచినవారికి కావలసినది శాసనమయింది, ఓడినవారికి కావలసినది వాయిదా పడింది.

దీని ఫలితం 2021 జూలై 25న కనిపించింది. అధ్యక్షుడు ఖైస్ సయీద్ రాజ్యాంగంలోని 80వ అధికరణం పేరు చెప్పి పార్లమెంటును స్తంభింపజేశారు. అత్యవసర చర్యలు ముప్పయి రోజులు దాటితే, ఆ పరిస్థితి ఇంకా వున్నదో లేదో తేల్చవలసినది రాజ్యాంగ న్యాయస్థానమేనని ఆ అధికరణంలోనే వుంది. న్యాయస్థానం లేదు కనుక తేల్చేవారు లేకపోయారు. అప్పటికి పార్లమెంటు సభాపతిగా వున్న గన్నూషీని సభా భవనం గేటు దగ్గరే సైనికులు ఆపివేశారు. ఆయన 2023 ఏప్రిల్‌లో అరెస్టయ్యారు. 2025 ఫిబ్రవరిలో ఒక కేసులో ఇరవై రెండు సంవత్సరాల శిక్ష పడింది. ఎనభై దాటిన మనిషికి విధించిన ఆ శిక్షను ఎవరూ న్యాయమని అనలేరు. ఆయనకు జరిగిన అన్యాయం వేరు, ఆయన చేసిన రాజకీయం వేరు. మొదటిదాని కారణంగా రెండవదానిని పరిశీలించకూడదనే మర్యాద విమర్శకు పనికిరాదు.

పరిశీలించవలసిన మరో కారణమూ వుంది. 1993లో బేరూత్‌లో వెలువడిన గన్నూషీ గ్రంథం 'అల్ హుర్రియ్యాతుల్ ఆమ్మ ఫిద్దౌలతిల్ ఇస్లామియ్య' ఈ విషయంలో ఆయనకే ఎదురు సాక్ష్యం చెబుతున్నది. ఇస్లామీయ రాజ్యంలో పౌర స్వేచ్ఛల గురించిన ఆ గ్రంథంలో ఒక భాగం పూర్తిగా పాలకుల దౌర్జన్యం జరుగకుండా వుండవలసిన 'జమానాతు'లకు కేటాయించబడింది. మన కోర్టులలోని 'జామీను' ఈ ధాతువు నుండి వచ్చినదే. పాలకుని మంచితనం మీద ఆధారపడరాదు, అతనిని నిలువరించే ఏర్పాటు వుండాలి అన్నది ఆ గ్రంథం సారం. గత అర్ధ శతాబ్దిలో అరబీలో రాజకీయ చింతనపై వచ్చిన మంచి పుస్తకాలలో దానిని ఒకటిగా నేను లెక్కిస్తాను. అటువంటి గ్రంథకర్త, సబ్సీతో తనకున్న వ్యక్తిగత సత్సంబంధాన్నే జామీనుగా భావించినట్లు కనిపిస్తుంది. 2018 సెప్టెంబరులో ఆ సంబంధం ముగిసిందని సబ్సీ స్వయంగా ప్రకటించారు. 2019 జూలైలో మరణించారు. ఇద్దరు వృద్ధుల మధ్య వున్న నమ్మకం వారితోనే పోయింది.

ఆయన పక్షాన చెప్పగలిగిన బలమైన వాదం ఒకటుంది. దానిని దాచటం ధర్మం కాదు. 1989 ఎన్నికలలో స్వతంత్రులుగా పోటీ చేసి గణనీయమైన ఓట్లు తెచ్చుకున్న తరువాత ఆ వుద్యమం మీద విరుచుకుపడిన నిర్బంధాన్ని ఆయన మరచిపోలేదు. వేలాదిమంది జైళ్ళపాలయ్యారు. ఆయన రెండు దశాబ్దాలకు పైగా ప్రవాసంలో గడిపారు. అటువంటి అనుభవమున్నవారు ప్రతిపక్షంలో కూర్చోవటమంటే మళ్ళీ జైలు తలుపు దగ్గర కూర్చోవటమేనని భయపడ్డారు; ప్రభుత్వంలో ఒక మూల చోటు వుంటే చాలుననుకున్నారు. ఈ భయం అర్థం చేసుకోదగినదే. కాని ఓటర్లు దీనిని ఎట్లా చూశారో అంకెలు చెబుతున్నాయి. 2011లో సుమారు పదిహేను లక్షలు వచ్చిన ఓట్లు 2014లో తొమ్మిదిన్నర లక్షలకు, 2019లో అయిదున్నర లక్షలకు దిగాయి. మూల చోటు కాపాడింది లేదు, జనం మిగిలిందీ లేదు.

అయితే పోరాటమే మార్గమని తొందరపడేవారికి 1977 నాటి పాకిస్తాన్ గుర్తు చేయాలి. మార్చి ఎన్నికలలో భుట్టో పార్టీకి 155, తొమ్మిది పార్టీల జాతీయ కూటమికి 36 స్థానాలు ప్రకటించారు. రిగ్గింగు జరిగిందని కూటమి వీధికెక్కింది. ఆరోపణ నిరాధారమైనది కాదు. జూన్‌లో చర్చలు మొదలై, తిరిగి ఎన్నికలు జరపటం మీద దాదాపు ఒప్పందం కుదిరే దశకు వచ్చాయి. జూలై 5న సైన్యం వచ్చింది. తొంభై రోజులలో ఎన్నికలని జనరల్ జియా చెప్పారు. అవి 1985లో, అదీ పార్టీలు లేకుండా జరిగాయి. ఓట్ల దొంగతనం మీద పోరాడిన కూటమిలోని పలు పార్టీలు 1978లో ఓట్లే లేని ప్రభుత్వంలో మంత్రులయ్యాయి. పోరాటం ఎవరి మీదనో, ఎంతవరకో ముందే నిర్ణయించుకోకపోతే అది మూడవ వాని చేతికి పోతుంది. ఆనాటి ఉర్దూ పత్రికలు చదివే అలవాటున్న మన పెద్దలలో కొందరు దానిని విజయమని తలచారు. అది విజయమని నేడు ఎవరంటారు?

రాజీని సమర్థించేవారూ, ఖండించేవారూ మరచిన మరొక ఒప్పందం వున్నది. 2005 అక్టోబరు 18న ట్యునిస్‌లో కొందరు ప్రతిపక్ష నాయకులు నిరాహార దీక్ష ప్రారంభించారు. ఆ దీక్ష నుండి అదే తేదీ పేరుతో ఒక వేదిక ఏర్పడింది. వామపక్షులు, ఉదారవాదులు, అన్‌నహ్దా సభ్యులు అందులో కలిసి కూర్చున్నారు. స్త్రీల హక్కులు, అంతరాత్మ స్వాతంత్ర్యం, మతానికీ రాజ్యానికీ గల సంబంధం వంటి కష్టమైన విషయాలపై వాదించుకుని, ఒప్పుకున్నంత మేరకు కాగితం మీద పెట్టి ప్రకటించారు. అప్పుడు వారెవరి చేతిలోనూ పంచుకోవటానికి పదవులు లేవు. గెలిచినవానితో గుప్తంగా కాక, తోటి ఓడినవారితో బహిరంగంగా కుదుర్చుకున్న రాజీ అది. 2014 రాజ్యాంగంలోని పలు అంశాలకు బీజాలు అక్కడ కనిపిస్తాయి. 2015లో నిదా తూనిస్ వైపు కాక ఆ పాత సహచరుల వైపు తిరిగి, ప్రతిపక్షపు బల్లల మీద కూర్చుని వుంటే అన్‌నహ్దాకు మరో దారి దొరికేదని నా అభిప్రాయం. 2022లో అధ్యక్షుని చర్యలకు వ్యతిరేకంగా ఏర్పడిన కూటమిలో ఆ పాతవారిలో కొందరు అన్‌నహ్దాతో మళ్ళీ కలిశారు. అప్పటికి పార్లమెంటే లేదు.