కుట్టింది నేను, పేరు వాడిది

కిందటి దసరా సెలవుల్లో వెస్ట్ మారేడుపల్లిలో అమ్మావాళ్ళింట్లో అటక సర్దుతుంటే ఒక కుట్టు పుస్తకం దొరికింది. ‘చందమామ’లోంచి నెలనెలా పేజీలు తీసి దాచిన ‘మాయాసరోవరం’. దబ్బనంతో కుట్టి, పాత కాలెండరు అట్ట వేసి ఉంది. అట్టమీద నల్లసిరాతో మా పెదమామయ్య పేరు.

“మామయ్య ఎంత బాగా కుట్టాడో” అన్నాను.

“కుట్టింది నేను. పేరు వాడిది” అంది అమ్మ. అని మళ్ళీ దుమ్ము దులపడంలో పడింది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఏళ్ళ తరబడి సాహిత్యంలో పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్నదాన్ని. ఈ జానపద ధారావాహికల గురించి ఒక్క పేజీ కూడా రాయలేదు. పిల్లల సరుకు అనుకున్నాను. స్త్రీలు లేని కథల్లో స్త్రీవాదికి పనేముంటుందనీ అనుకున్నాను.

‘చందమామ’ 1947 జులైలో మొదలైంది. 1954లో ‘తోకచుక్క’తో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు మొదలయ్యాయి. తర్వాత పాతికేళ్ళ పాటు ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘భల్లూక మాంత్రికుడు’ వంటివి వచ్చాయి. కత్తి పట్టిన యువకులు, మంత్రదండం పట్టిన దుర్మార్గులు, కొండలు, గుహలు, వింత జంతువులు, ప్రతి నెలా చివర ఓ గండం. వీటిలో చాలావాటికి చిత్రా గారి బొమ్మలు. బొమ్మల కింద ‘చిత్రా’ సంతకం ఉండేది కానీ కథ మీద రచయిత పేరు ఉండేది కాదు. రాసింది ఎవరో తెలియకుండానే ఎంతోమంది పాఠకులు పెద్దవాళ్ళయ్యారు. 2010లో ఆయన పోయేనాటికి ఆ పేరు అందరికీ తెలిసింది, కథలు పుస్తకాలుగానూ వచ్చాయి. పేరు లేని శ్రమ అనేది ఆయనకూ మా అమ్మకూ ఉమ్మడి అనుభవమే. కాకపోతే ఆయన పేరు చివరికి బయటికొచ్చింది.

వీటి గురించి పాఠకులు ఏమంటారు? నేను మాట్లాడిన మగవాళ్ళలో ఎక్కువమందిది ఒకటే అభిప్రాయం: “ఎంత శుభ్రమైన కథలండీ! ప్రేమలూ దోమలూ లేవు. ఏ ఆడపిల్ల చేతికైనా భయం లేకుండా ఇవ్వచ్చు.” ఆడవాళ్ళు లేకపోవడాన్ని శుభ్రత అనడం ఎంత మామూలైపోయిందో చూడండి. ఆడది కనిపిస్తే చాలు, శృంగారం వచ్చేస్తుందన్నమాట! ఆమెకూ ఓ గుహలో దారి తప్పే హక్కు ఉంటుందన్న ఊహే వాళ్ళకి రాలేదు.

నాతో పనిచేసే మిత్రురాలిది పూర్తిగా ఎదురు మాట. “ఇద్దరు మగవాళ్ళు ఊరొదిలి తిరుగుతుంటారు, ఆడది ఎత్తుకుపోబడుతుంది. ఇంతకన్నా అందులో చదవడానికేముంది?” అంది. నిజమే. ‘మాయాసరోవరం’లో మకరకేతు రాజుగారి పిల్లలిద్దర్నీ, కాంచనవర్మనీ కాంచనమాలనీ, ఎత్తుకుపోతాడు. వెతకబోయేది జయశీలుడూ సిద్ధసాధకుడూ. ‘శిథిలాలయం’లో శిఖిముఖి, విక్రమకేసరి. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మగ జంటల వరస అలా సాగుతూనే ఉంటుంది.

మంత్రవిద్య సంగతీ అంతే. ‘తోకచుక్క’లో ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికులు హోరాహోరీగా తలపడతారు. వాళ్ళకి ఆశలున్నాయి, అనుచరులున్నారు, చివరిదాకా పోరాడే అవకాశముంది. బయటి లోకంలో చేతబడి, బాణామతి నిందపడి తెలంగాణ పల్లెల్లో చావుదెబ్బలు తిన్నవాళ్ళలో ఏ అండా లేని ఒంటరి ఆడవాళ్ళూ ఉన్నారు. కథలో మంత్రం అధికారమైతే, ఊళ్ళో ఆ పేరే ఆమె ప్రాణం మీదికి తెచ్చింది. ఈ తేడా గురించి విమర్శకులు మాట్లాడాలి.

ఇంగ్లీషులోనూ ఈ దారి మగవాళ్ళదిగానే పేరుపడింది. రాబర్ట్ హొవర్డ్ కోనన్ 1932లో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో పుట్టాడు. కానీ రెండేళ్ళకే, 1934లో, అదే పత్రికలో సి.ఎల్. మూర్ అనే రచయిత్రి జిరెల్ అనే కత్తి పట్టిన స్త్రీని నిలబెట్టింది. ఉర్సులా లె గ్విన్ 1968లో ఎర్త్‌సీ నవల తెచ్చినప్పుడు అందులో మాంత్రికుల బడి మగపిల్లలకే. 1990లో ‘తెహాను’లో ఆమే వెనక్కి వచ్చి, ఒక నడివయసు వితంతువునీ కాలిన ముఖంతో ఉన్న ఒక చిన్నపిల్లనీ మధ్యలో పెట్టి, తన లోకాన్ని తనే ప్రశ్నించుకుంది. ‘చందమామ’ ధారావాహికలకి అలాంటి పునర్విచారం అచ్చులో జరిగినట్టు నాకు కనిపించలేదు.

ఇదంతా అమ్మకి చెప్పాను. పదో తరగతితో ఆమె చదువు ఆపించారు. మామయ్య కాలేజీకి వెళ్ళాడు. ‘చందమామ’ వచ్చేది మామయ్య పేరు మీదే. ఆయన చదివేశాక, వంటింటి పని తెమిలాక అమ్మ చేతికొచ్చేది.

“నేనెప్పుడూ కాంచనమాలని కాదే” అంది అమ్మ. “నేను జయశీలుణ్ణి. అడవిలోకి వెళ్ళాలంటే మగాడై పుట్టాలని నాకు తెలుసు. అందుకని చదివినంతసేపూ మగాణ్ణయ్యేదాన్ని. ఇప్పుడు నువ్వొచ్చి అందులో ఆడవాళ్ళు లేరంటే, నాకున్న ఆ ఒక్క అడవినీ లాక్కున్నట్టుంటుంది.”

నాకు జవాబు తోచలేదు. జానిస్ రాడ్‌వే 1984లో ‘రీడింగ్ ది రొమాన్స్’లో చేసిన పని గుర్తొచ్చింది. పండితులు చులకన చేసిన ప్రేమ నవలలు చదివే అమెరికన్ గృహిణుల దగ్గర కూర్చుని ఆమె వాళ్ళ మాట విన్నది. చదువుకునే ఆ కాస్త సమయమే ఇంటి చాకిరీ నుంచి తమకి దొరికే విరామమని వాళ్ళన్నారు. అమ్మ కథ అక్కడితో ఆగదు. ప్రేమ నవల చదివే స్త్రీకి నాయిక స్థానమైనా సిద్ధంగా ఉంటుంది. అమ్మకి అదీ లేదు. మామయ్య ఉన్నవాడు ఉన్నట్టుగా జయశీలుడి వెంట నడిచాడు. అమ్మ మాత్రం ప్రతి నెలా తనని గుమ్మం బయట వదిలి లోపలికి వెళ్ళింది. ఆమె సంతోషం నిజం, దానికి కట్టిన సుంకమూ నిజం. విమర్శ పేరుతో మొదటిదాన్ని తోసెయ్యకూడదు, అభిమానం పేరుతో రెండోదాన్ని దాచెయ్యకూడదు. నా మిత్రురాలూ, ఆ పెద్దమనుషులూ చెరొకటీ వదిలేశారు.

ఇంకో సంగతి. నా చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రుళ్ళు డాబా మీద పడుకోబెట్టి అమ్మ మాకీ కథ చెప్పేది. అందులో కాంచనమాల కాపలావాడి కళ్ళలో కారం కొట్టి తనే బయటపడేది. ఆ ఘట్టమంటే నాకు ప్రాణం. మొన్న కుట్టు పుస్తకమంతా వెతికాను. కారమూ లేదు, ఆ ఘట్టమూ లేదు. అడిగితే అమ్మ నవ్వి, “పుస్తకంలో లేకపోతే నేను పెట్టకూడదా?” అంది.

పునర్విచారం అచ్చులో జరగలేదని పైన రాశాను. ఆ మాట అలాగే ఉంచుతున్నాను. అచ్చుకి ఎక్కనివి ఎన్ని డాబాల మీద జరిగాయో లెక్క ఎవరి దగ్గరా లేదు. ఇప్పుడు అమ్మ నా కూతురికి అదే కథ కారంతో సహా చెబుతోంది. అట్టమీద నీ పేరు రాయమంటే మాత్రం, “ఇప్పుడెందుకులేవే” అని పుస్తకం పక్కన పెట్టేసింది.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో చాలామంది ఆ కథలు చదివి పెరిగినవాళ్ళే అయ్యుంటారు. అప్పుడు మీరెవరై చదివారు? మీ పిల్లలకి చెప్పేటప్పుడు ఏం మార్చారు? రాయండి, మీ పేరుతో రాయండి.