బొంగులో చికెన్: సెగ తెలిసిన చేతులు

మారేడుమిల్లి, అరకు దారుల్లో బొంగులో చికెన్ కాల్చేవాళ్ల పనితనం చూసి తీరాలి. ఉప్పు, కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించిన కోడిముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కుతారు. నూనె చుక్క వెయ్యరు. బొంగులోని తేమా, మాంసంలోని నీరూ ఆవిరై ముక్కను ఉడికిస్తాయి. ఎండు బొంగైతే ముందు అదే అంటుకుంటుంది.

అసలు నేర్పు తిప్పడంలో ఉంది. ఒక పక్కే మాడకుండా బొంగును దొర్లిస్తూనే ఉంటారు. పచ్చని బొంగు నల్లబడుతుంది, ఆకుల సందుల్లోంచి ఆవిరి చిమ్ముతుంది. వాసన పట్టి దించేస్తారు.

పెరట్లో చికెన్ కాల్చుకునేవాళ్లకూ ఇదే పాఠం: మంట ఎగదొయ్యకండి, సెగ మీద నిదానంగా తిప్పండి. మారేడుమిల్లి, అరకు వైపు వెళ్తే తినేసి వచ్చేయకుండా, కాసేపు బొంగులు కాల్చే పొయ్యి దగ్గర నిలబడండి.