పరుగెత్తే తీరిక ఎవరిది?

జపాన్ రచయిత హారుకి మురకామి పరుగు గురించి రాసిన చిన్న పుస్తకాన్ని నేను రెండుసార్లు చదివాను. జపనీసులో అది 2007లో, ఫిలిప్ గేబ్రియల్ ఇంగ్లీషు అనువాదం 2008లో వచ్చాయి. మొదటిసారి చదివినప్పుడు నాకు పరుగుతో సంబంధం లేదు. తిండికీ తీరికకీ లోటులేని రచయిత కాలక్షేపం అనుకుని పక్కన పెట్టేశాను. ఒంట్లో షుగరు అంచుకొచ్చిందని డాక్టరు చెప్పి, నలభై మూడో ఏట నేనే పరుగు మొదలుపెట్టాక మళ్ళీ తీశాను. నా మొదటి తీర్పు తొందరపాటని తెలిసింది. అయితే పూర్తిగా తప్పని మాత్రం ఇప్పటికీ అనుకోవడం లేదు.

మురకామి టోక్యోలో జాజ్ సంగీతం వినిపించే బార్ నడిపినవాడు. 1979లో మొదటి నవల అచ్చయింది. తర్వాత బార్ అమ్మేసి, రచననే వృత్తి చేసుకున్నాడు. రోజంతా కుర్చీలో కూర్చోవడం, లెక్కలేనన్ని సిగరెట్లు, పెరుగుతున్న బరువు. ఇదేదో చక్కబరచుకోకపోతే ఎక్కువకాలం రాయలేననుకుని 1982లో, 33వ ఏట, పరుగు మొదలుపెట్టాడు. అంతకుముందు బడిలో వ్యాయామమంటే ఆయనకు గిట్టేది కాదు. గిట్టనిది పరుగు కాదు, పరుగెత్తమని ఆజ్ఞాపించడం. ఈ ఒక్క పరిశీలన కోసమైనా ఉపాధ్యాయులు ఈ పుస్తకం చదవాలి. హోంవర్కు చేయనివాడిని, ఆలస్యంగా వచ్చినవాడిని గ్రౌండు చుట్టూ పరుగెత్తించేది మనమే. పరుగును శిక్షగా నేర్పించి, ఆటల దినం నాడు క్రీడాస్ఫూర్తి మీద ఉపన్యసించేదీ మనమే. నేనూ ఆ శిక్ష వేసినదాన్నే కనక ఎవరినో తప్పుపట్టడం లేదు.

కానీ మా తరం ఆడపిల్లలకు ఆ ఆజ్ఞ కూడా దక్కలేదు. మా బడిలో డ్రిల్లు పీరియడు వారానికి రెండు. అందులో ఒకటి లెక్కల మాస్టారు తీసుకునేవారు. మిగిలినదాంట్లో మగపిల్లలకు కబడ్డీ, మాకు చెట్టు కింద రింగాట. ఏడో తరగతిలో మాత్రం మండలం పోటీలకు ఎవరో ఒకరిని పంపాలి కనక నన్ను పంపారు. వట్టికాళ్ళతో 200 మీటర్లు పరుగెత్తి రెండోదాన్నయ్యాను. స్టీలు గిన్నె ఇచ్చారు. మా అమ్మ ఇప్పటికీ అందులోనే పెరుగు తోడు పెడుతుంది. మరుసటి ఏడు పెద్దమనిషినయ్యాను. ఇక పరుగెత్తొద్దని ఎవరూ అనలేదు. ఓణీ వేశారు, అంతే.

ఇది మా ఊరి మూఢత్వం మాత్రమే కాదు. 1928 ఆంస్టర్‌డాం ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు 800 మీటర్ల పరుగు పెట్టారు. వాళ్ళు తట్టుకోలేకపోతున్నారని గగ్గోలు పెట్టి, ఆ తర్వాత దాన్ని తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960లో. మహిళల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో. మా ఇంట్లో ఓణీ చేసిన పనే అక్కడ నిబంధనల పుస్తకం చేసింది.

ఈ చరిత్ర మురకామికి తెలియదనను. ఆయన పుస్తకంలో దాని బరువు లేదంటాను. అమెరికాలో చార్లెస్ నది ఒడ్డున పరుగెత్తుతుంటే హార్వర్డ్ విద్యార్థినులు జుట్టు ఊపుకుంటూ తనను దాటిపోయే ఘట్టం ఒకటుంది. దాటిపోవడానికి అలవాటుపడ్డ పిల్లలని వాళ్ళను గురించి అనుకుంటాడు. అసూయ లేదు, పెద్దరికమూ లేదు. మంచి ఘట్టమే. కానీ ఆ పిల్లలకు ఆ దారి ఎప్పుడు, ఎట్లా దొరికిందన్న ప్రశ్న ఆయనకు తట్టదు. తనను ఎవరు చూస్తున్నారన్న స్పృహ లేకుండా పరుగెత్తగలగడం మగవాడికి పుట్టుకతో వచ్చిన ఆస్తి. నేను మొదటి నెల చీకట్లోనే పరుగెత్తాను, చున్నీ పిన్నులతో బిగించుకుని.

పుస్తకంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది సరోమా సరస్సు దగ్గరి పరుగు. 1996లో వంద కిలోమీటర్లు, పదకొండు గంటలకు పైగా. సగం దాటాక కాళ్ళు మొరాయిస్తాయి. అప్పుడాయన తాను మనిషిని కాదనీ, యంత్రాన్ననీ, యంత్రానికి నొప్పి ఉండదనీ తనకు తానే నచ్చజెప్పుకుంటాడు. రాతలో ఎక్కడా బడాయి లేదు, అందుకే నమ్ముతాం. కానీ అదే మాట బీడీలు చుట్టే మనిషి అంటే, ఇటుకబట్టీలో మనిషి అంటే మనం దానికి పెట్టే పేరు వేరు. ఒకరికి యంత్రం కావడం ఒక రోజు సాహసం, ఇంకొకరికి అదే రోజుకూలి. మురకామి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టలేదు. స్వేచ్ఛగా ఎంచుకున్న నొప్పిని మాత్రమే ఆయన నొప్పిగా పరిశీలించాడు.

ఈ లోటు తెలియాలంటే పక్కన అలన్ సిల్లిటో 1959లో రాసిన కథ పెట్టుకుని చదవాలి. సిల్లిటో నాటింగ్‌హాం కార్మిక కుటుంబంలో పుట్టి సైకిళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. ఆయన కథానాయకుడు స్మిత్ దొంగతనం చేసి బోర్‌స్టల్ జైల్లో పడ్డ కుర్రాడు. జైలు అధికారికి కప్పు కావాలి, కనక స్మిత్‌ను తెల్లవారుజామున పరుగుకు వదులుతారు. చలిలో ఒంటరిగా పరుగెత్తుతున్నప్పుడు వాడికి కలిగే ఆనందం మురకామి ఆనందమే, ఏమీ తక్కువ కాదు. కానీ ఆ కాళ్ళు ఎవరి ఆస్తి అన్న ప్రశ్న వాడిని వదలదు. పందెంలో ముందుండి కూడా గీత దగ్గర కావాలనే ఆగిపోతాడు. ఓడిపోవడమొక్కటే వాడి చేతిలో ఉంది. ఈ కథ మురకామికి జవాబు కాదు. ఆయన వదిలేసిన ప్రశ్న మాత్రం ఇందులో ఉంది.

మా ఊరి కాలేజీ గ్రౌండులో ఉదయం ఐదింటికి నలభై మంది కుర్రాళ్ళుంటారు. కానిస్టేబులు పరీక్షకు పదహారు వందల మీటర్లు ప్రాక్టీసు చేస్తారు. వాళ్ళెవరికీ పరుగు ధ్యానం కాదు. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన కూలీల బిడ్డ జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చినప్పుడు మన పత్రికలు పేదరికాన్ని జయించిన కథగా రాశాయి. పతకం రాని పిల్లలు ఏమవుతారో రాసిన కథ నేను చదివినంతలో తెలుగులో లేదు. మన కథల్లో శరీరం ఆకలితో ఉంటుంది, పని చేస్తుంది, దెబ్బలు తింటుంది. ఆడుకోవడం అరుదు. అభ్యుదయ సాహిత్యం ఆటను పట్టించుకోకపోవడానికి నావంటి విమర్శకులు ఆటను తీరికగల వర్గం సొత్తుగా కొట్టిపారేయడమూ ఒక కారణం.

గ్రౌండు గేటు దగ్గర రోడ్డు ఊడ్చే మునిసిపాలిటీ ఆవిడ రెండో వారంలో నన్నాపి, "ఎవరన్నా తరుముతున్నారా టీచరమ్మా?" అనడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. అప్పటికే రెండు వీధులు ఊడ్చి వచ్చింది. షుగరు సంగతి చెప్పాను. తనకూ ఉందనీ, మాత్రలు వాడుతున్నాననీ, ఇంత నడుస్తున్నా ఎందుకొచ్చిందో డాక్టరును అడగాలనీ అంది. ఆ రోజు మిగిలిన రౌండ్లు పరుగెత్తలేదు. గేటు దగ్గరే నిలబడి మాట్లాడుకున్నాం, మేస్త్రీ వచ్చి కేకేసేదాకా.