ఇంగ్లీషు వ్యాకరణం: కర్త ఎవరు?

'కన్యాశుల్కం'లో కొడుకు ఇంగ్లీషు వినాలని తల్లి ముచ్చటపడితే, గిరీశమూ వెంకటేశమూ ఆమె ఎదుట ఒక సంభాషణ నడుపుతారు. గురువు ఇంగ్లీషు పద్యపాదాలు వల్లిస్తాడు. శిష్యుడు రేఖాగణితంలో ఒక ముక్కా, 'ఎఫ్'తో ముగిసే నామవాచకాలకు బహువచనం చేసే వ్యాకరణ సూత్రమూ అప్పజెబుతాడు. ఈ ఘట్టాన్ని మనం నవ్వుకోవడానికే వాడుకుంటున్నాం గాని, నా దృష్టిలో మన ఇంగ్లీషు బోధన మీద ఇంతకు మించిన విమర్శ లేదు. గురువు పద్యానికీ శిష్యుడి సూత్రానికీ ఏ సంబంధమూ లేదు. మాట్లాడుతున్న ఇద్దరిలో ఎవరికీ చెప్పవలసిన విషయమంటూ లేదు.

ఆ నాటకం మొదటి కూర్పు 1897లో వచ్చింది. నేటి ఇంటర్మీడియట్ విద్యార్థి చేతిలోని గైడు తెరిచి చూస్తే ఆ సంభాషణ ఇంకా సాగుతున్నట్టే ఉంటుంది. కథకూ పద్యానికీ కంఠస్థం చెయ్యదగ్గ జవాబులు ఒక భాగం. కర్తరి వాక్యాన్ని కర్మణిలోకి మార్చే అభ్యాసాలు వేరొక భాగం. మొదటిదాన్ని సాహిత్యమనీ, రెండవదాన్ని వ్యాకరణమనీ పిలుస్తున్నాం. అర్థం ఈ రెంటి నడుమా జారిపోతున్నది.

తెలుగు పాఠం చెప్పేవాడికి ఇంగ్లీషు వ్యాకరణంతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. 'వాళ్ళు భూములు తీసుకున్నారు' అనే ఇంగ్లీషు వాక్యాన్ని విద్యార్థి 'ది ల్యాండ్స్ వర్ టేకెన్' అని మారుస్తాడు. 'వాళ్ళచేత' అన్న మాటను ఇక్కడ విడిచిపెట్టవచ్చునని సూత్రం. సూత్రం సరైనదే, మార్కు కూడా వస్తుంది. కాని తీసుకున్నవాళ్ళు వాక్యంలోంచి ఎక్కడికి పోయారని ప్రశ్నపత్రం అడగదు. కర్త ఎవరో తెలియనప్పుడు వదిలెయ్యడం ఒకటి, అందరికీ తెలిసిందే గనుక వదిలెయ్యడం మరొకటి, తెలియకుండా ఉంచాలని వదిలెయ్యడం వేరొకటి. ఈ మూడింటినీ వేరు చేసి చూడగలగడమే సాహిత్య విమర్శకు మొదటి మెట్టు. అందుకు వేరే గంట అక్కరలేదు.

ఇప్పుడు మన భాషకు వద్దాం. 'భూములు తీసుకోబడ్డాయి' అని పల్లెలో ఎవరూ అనరు. 'భూములు లాక్కున్నారు' అంటారు. కర్త పేరు అందులోనూ లేదు. అయినా ఆ పని చేసినవాళ్ళు మనుషులేనని క్రియ చివరనున్న ప్రత్యయం సాక్ష్యం చెబుతూనే ఉంటుంది. అలాగని తెలుగుకు దాపరికం చేతకాదనుకోవడం పొరపాటు. 'కాల్పులు జరిగాయి' అని పత్రికలో చదువుతాం. వాన కురిసినట్టే కాల్పులు కూడా వాటంతట అవే జరుగుతాయి కాబోలు! కర్మణి ప్రయోగంతో ఇంగ్లీషు చేసే పనిని ఇక్కడ 'జరుగు' ధాతువు చేస్తున్నది. రెండు భాషల వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూసిన విద్యార్థికి, వ్యాకరణమంటే బాధ్యతను ఎవరి మీద పెట్టాలో, ఎవరి మీద నుంచి తప్పించాలో నిర్ణయించే సాధనం కూడానని తెలిసివస్తుంది.

అయితే దీన్నీ ఒక భట్టీయంగా మార్చే ప్రమాదముంది. కర్తరి వాడగలిగిన చోట కర్మణి వాడవద్దని జార్జ్ ఆర్వెల్ 1946లో రాసిన ఒక వ్యాసంలో నియమం పెట్టాడు; అవసరమైతే తన నియమాలను ఉల్లంఘించమని కూడా ఆయనే చెప్పాడు. చంపినవాడి కంటే చనిపోయినవాడి మీద మన చూపు నిలవాలనుకున్నప్పుడు కర్మణి ప్రయోగమే న్యాయమైనది కావచ్చు. అది న్యాయమో కాదో సందర్భం చూసి తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడాన్నే మనం నేర్పడం లేదు.

ముందు వ్యాకరణం రానివ్వండి, విమర్శ తర్వాత చూద్దాం అనే మిత్రులున్నారు. ఇంటర్మీడియట్‌తో చదువు ముగించేవాళ్ళకు ఆ 'తర్వాత' ఎన్నడూ రాదు. రేపు వాళ్ళ చేతికొచ్చే నియామక పత్రమూ, బ్యాంకు కాగితమూ ఇంగ్లీషులోనే ఉండవచ్చు. వాటిలో కర్త ఎక్కడ దాగాడో కనిపెట్టలేనివాడికి సూత్రాలన్నీ వచ్చినా ప్రయోజనమేమిటి?

ఇంగ్లీషునే వెళ్ళగొడితే సరి అనడం కూడా పరిష్కారం కాదు. గురజాడ తన నాటకానికి పీఠికలను ఇంగ్లీషులోనే రాశారు. కన్యాశుల్క దురాచారాన్ని ఖండించడానికీ, వాడుక భాషను సమర్థించడానికీ ఆ భాషను వినియోగించారు. గిరీశం చేతిలో ఎదుటివాళ్ళ నోరు మూయించిన ఇంగ్లీషే ఆయన చేతిలో వాదానికి పనికొచ్చింది. కనుక ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు నా సూచన చిన్నది. 'ఈ వాక్యాన్ని కర్మణిలోకి మార్చుము' అన్న ప్రశ్న కింద మరొక్క ప్రశ్న చేర్చండి: 'మార్చినందువల్ల ఎవరికి లాభం?'