పరిభాష: కోశము నుండి వాక్యములోనికి

శాస్త్రపరిభాషను గురించిన వివాదం మన సాహిత్యంలో పాతదే. సంస్కృతపదం మేలా, దేశిపదం మేలా, ఆంగ్లపదాన్నే ఉంచుకొనుట మేలా అని మూడు పక్షాలవారు వాదించుకొంటూనే ఉన్నారు. ఈ వాదంలో పదం ఎక్కడ పుట్టినదన్న విచారణే ప్రధానమైనది. అది వాక్యంలో ఎట్లు బ్రతుకుచున్నదన్న విచారణ వెనుకబడినది. పారిభాషిక పదానికి గీటురాయి పుట్టుక కాదు, ప్రయోగం. ఈ మాటకు బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊరిలోని తెలుగు చక్కని సాక్ష్యం.

బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చిన తరువాత ఎదిగిన ఊరిది. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో ఖరగ్‌పూర్, వాల్తేరులతో పాటు ఇదియు చేరినది. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైనది. రైలుకొలువులకై వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడినవి. బడిలో హిందీ, కచేరీలో ఆంగ్లం, ఇంటిలో తెలుగు. పని మాటలను కూర్చి ఇచ్చిన పండిత పరిషత్తు వీరికి లేదు. అయినను ఇంజను, పట్టా, పెట్టె, కట్ట, సిగ్నలు, గేటు అన్న మాటలతో వారి సంసారం సాగినది. వీటిలో కొన్ని అచ్చతెలుగు, కొన్ని ఎరువు. మాట్లాడేవానికి ఆ భేదమే తోచదు. రైలు అన్న పరభాషాపదం ‘రైల్లో’ అని తెలుగు విభక్తిని తాల్చి, రైలుకట్ట, రైలుపెట్టె అని సంతానాన్ని కన్నది. భాష ఒక పదాన్ని తనదిగా చేసికొన్నదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలె?

పండితులు కల్పించిన ‘ధూమశకటము’ను దీనితో పోల్చి చూడవచ్చును. వ్యుత్పత్తిలో దోషం లేదు. అది పొగ కక్కే బండియే. కాని ఆ పదం పుస్తకాలు దాటి బజారులోనికి రాలేదు. తరువాత ఆవిరి ఇంజన్లు పోయి విద్యుత్ ఇంజన్లు రాగా, దానిలోని ధూమమే అసత్యమైనది. అటువైపు పట్టాలు మన నుడికారంలోనికే ఎక్కినవి. ఆగిన పథకం ‘పట్టాలెక్కినది’ అంటాము, చెడిన సంసారం ‘పట్టాలు తప్పినది’ అంటాము. ముందు స్టేషను వరకు దారి ఖాళీగా ఉన్నదని నిశ్చయించి బండికి ఇచ్చే అనుమతి ‘లైన్ క్లియర్’. రైల్వే నిబంధనలలోని ఈ మాటను నేడు పత్రికలవారు ప్రభుత్వపు అనుమతికిని వాడుచున్నారు. ఉపమానమగునంతగా పరిచితమైన పారిభాషిక పదం ఇక పరాయిది కాదు.

ఇందువలన పండితుల కృషి వ్యర్థమని తేల్చుట అన్యాయం. బిలాస్‌పూర్ నాటి మధ్యపరగణాలలోనిది. ఆ పరగణాలలో ఇంజనీరుగా ఉన్న బావగారి యింట, అక్క భండారు అచ్చమాంబ చెంత పెరిగి, నాగపూరులో చదివినవారే కొమర్రాజు లక్ష్మణరావు. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, తెలుగులో శాస్త్రగ్రంథాలకు దారి చేసినవారాయన. ఆ తరంవారు సంస్కృతం వంక చూచుటకు కారణమున్నది. శాస్త్రానికి ఒంటరి పదాలు చాలవు, పదకుటుంబాలు కావలె.

ఒక ఉదాహరణ. ‘ఎండకు పట్టా సాగుతుంది, అందుకే అతుకు దగ్గర సందు వదులుతారు’ అన్న వాక్యం ఏ గ్యాంగ్‌మనుకైనను బోధపడుతుంది. దీనినే ‘ఉష్ణోగ్రతావృద్ధిచే లోహదండమునందు దైర్ఘ్యవ్యాకోచము సంభవించును’ అని వ్రాసినచో, తెలిసిన విషయమే తెలియనిదైపోవును. అయితే లాగినచో సాగుట వేరు, వేడికి పెరుగుట వేరు. ‘సాగు’ అన్న ఒక్క మాట ఈ రెంటిని వేరుచేయలేదు. ‘వ్యాకోచం’ వేరుచేయగలదు, ‘వ్యాకోచ గుణకం’ అన్న కొలతకును పేరీయగలదు. కావున మొదటి వాక్యం ముందు, రెండవదానిలోని పదం తరువాత రావలె. అనుభవం చేయి పట్టుకొని వచ్చిన పరిభాష నిలుస్తుంది; అనుభవాన్ని త్రోసికొని వచ్చినది నిలువదు.

వ్యుత్పత్తిశుద్ధియే ప్రమాణమనువారు ‘ఆమ్లజని’ని పరిశీలింపవలె. ఆమ్లాలన్నింటికి ఈ వాయువే మూలమని నమ్మి లవోయిజియే పెట్టిన పేరుకు అది యథాతథానువాదం. ఆ నమ్మకం తప్పు. ఆక్సిజన్ లేని ఆమ్లమున్నదని 1810లో డేవీ చూపినాడు. మనవారు పేరుతో పాటు పొరపాటునుకూడ భక్తితో అనువదించినారు! అయినను ఆ పదంతో రసాయనశాస్త్రం చదివినవారికి నష్టమేమియు కలుగలేదు; ప్రయోగమే దానికి సరియైన అర్థమిచ్చినది. ఒప్పు వ్యుత్పత్తిగల ధూమశకటం పోయినది, తప్పు వ్యుత్పత్తిగల ఆమ్లజని పాఠాలలో తరాలపాటు నిలిచినది. నేడు ఆమ్లజనికి ఆసుపత్రిలో చోటు లేక ఆక్సిజనే వినవచ్చుచున్నదన్నచో, అదియు ప్రయోగమిచ్చిన తీర్పే.

ఈ విషయం పండితగోష్ఠికి మాత్రమే చెందినది కాదు. రైలుమార్గంపై తీగలలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహిస్తుంది. అక్కడ ‘విద్యుదాఘాత సంభావ్యత’ అని వ్రాసిన పలక ఎవరిని కాపాడును? ‘తీగ ముట్టితే ప్రాణం పోతుంది’ అన్న పలక కాపాడును. అర్థంకాని పరిభాష కొన్ని తావులలో ప్రాణాంతకం.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల చదువుకై పారిభాషిక పదకోశాలను కూర్చినది. అది గొప్ప సేవ. కాని ఆంగ్లపదానికి ఎదురుగా తెలుగుపదాన్ని నిలిపినంతమాత్రాన ఆ పదానికి నడక రాదు. అంతకుముందే, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మరొక త్రోవ చూపినది. సేద్యగాండ్ర నోటి మాటలనే అది ప్రమాణంగా గ్రహించినది. 1971లో చేనేత పదాలకును అట్టి సంపుటం వచ్చినది. రైలు, గని, ఉక్కు కర్మాగారాల తెలుగుకును ఇదే మర్యాద దక్కవలె. ఆ మాటలెరిగినవారు ఒక్కరొక్కరే ఉద్యోగ విరమణ చేయుచున్నారు; వారి మనుమలకు ఆ మాటలు హిందీలోనే తెలియును.

కోశకర్త పదానికి పేరు పెట్టగలడు; పెంచవలసినవారు రచయితలు. కథలో ఫిట్టరు తన పనిముట్టును ఏమని పిలుచునో వినిపింపని కథకుడు, నాటకంలో ఇంజనీరుచేత ఆంగ్లమే పలికించు నాటకకర్త, శాస్త్రవ్యాసాన్ని సాహిత్యం కాదని ప్రక్కకు నెట్టు సంపాదకుడు — వీరందరును పరిభాషాదారిద్ర్యానికి బాధ్యులే. కొత్త పదాలకై పరిషత్తులను అడుగుటకు ముందు, ఉన్న పదాలకు మన వాక్యాలలో చోటిచ్చినామా అని ప్రతి రచయితయు తన్ను తాను ప్రశ్నించుకొనవలసియున్నది.